కొండ ఊళ్లకు సాయం చేయాలంటే: ఒడిశా సరిహద్దులో చిన్న సేవా సంఘాన్ని నడిపే పద్ధతి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం. ఏ ఊరి తెలుగువాళ్లు కలిసినా అడిగేది ఇదే: “మేం పది పన్నెండు మందిమి. నెలకు తలా కొంత వేసుకుంటాం. కొండ ఊళ్లలో ముసలివాళ్లకి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఎలా మొదలుపెట్టాలి?” ఆ వెంటనే రెండో ప్రశ్న, “రిజిస్ట్రేషన్ ఎక్కడ?”

రిజిస్ట్రేషన్‌ని నేను నాలుగో మెట్టు మీద పెట్టాను. ముందున్న మూడూ సరిగ్గా చేయని సంఘాల ధ్రువపత్రాలు ఫ్రేము కట్టి గోడకు వేలాడుతుంటాయి, పని మాత్రం రెండో ఏటికే ఆగిపోయి ఉంటుంది.

మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణ తీసుకుంటాను. పన్నెండు మంది స్నేహితులు, తలా నెలకు 1,000 రూపాయలు. ఒక పంచాయతీలో తోడెవరూ లేని వృద్ధులకు నెలనెలా సరుకుల సంచి. మీ పని వేరైనా వరుస ఇదే.

## 1. ఎంతమందికి అన్నది ముందు కాగితం మీద తేల్చండి

మొదట అందరూ “30 మందికి ఇద్దాం” అంటారు. లెక్క వేయండి.

సంచికి 450 రూపాయలు అనుకుందాం. 30 సంచులకు 13,500. బండి కిరాయి 1,500. మొత్తం నెలకు 15,000. మీ చేతికొచ్చేది 12,000. మొదటి నెలే 3,000 తక్కువ. ఎవరో ఒకరు “ఈసారికి నేను వేస్తాలే” అంటారు. మూడోసారి ఆ మనిషి ఫోన్ ఎత్తడు.

ఇంకో సంగతి. పన్నెండు మంది ఒప్పుకుంటే పన్నెండు మందీ ఏడాది పొడుగునా ఇవ్వరు. బదిలీలుంటాయి, పెళ్లిళ్లుంటాయి, పిల్లల ఫీజులుంటాయి. తొమ్మిది మందే ఇస్తారనుకుని లెక్క కట్టండి. 9,000లో బండికి 1,500 పోతే 7,500. అంటే 16 సంచులు.

కాబట్టి 16 మందితో మొదలుపెట్టాలి. ఖర్చు నెలకు 8,700. అందరూ ఇచ్చిన నెలలో 3,300 మిగులుతుంది. దాన్ని ముట్టుకోకండి. ఎనిమిది నెలల్లో మూడు నెలల ఖర్చుకు సరిపడా, అంటే 26,100 పైన, నిల్వ పడుతుంది. ఆ నిల్వ పూర్తయ్యాకే పదిహేడో పేరు గురించి మాట్లాడుకోండి.

నెలనెలా వస్తుందని అలవాటైన సంచి ఆగిపోతే, అసలు రానప్పటి కంటే ఎక్కువ నష్టం. ఆ ముసలావిడ అప్పటికే కొట్లో పప్పు కొనడం మానేసి ఉంటుంది.

## 2. ఖాళీ చేతులతో మూడుసార్లు ఊరెళ్లండి

మొదటిసారి సంచి పట్టుకెళ్తే ఇక ఆ ఊళ్లో ఎవరూ మీకు నిజం చెప్పరు. మీరు ఏం తెచ్చారో దానికి తగ్గట్టే జవాబులొస్తాయి.

సంత రోజు వెళ్లకండి, ఊళ్లో మనుషులుండరు. పొలం పనుల కాలంలో పొద్దున పదింటికి వెళ్లినా అంతే. సాయంత్రం వెళ్లండి. ముగ్గురికి మించి వద్దు, అందులో ఒకరు స్త్రీ అయితే మంచిది.

భాష దగ్గర చాలామంది బోల్తా పడతారు. మనకు ఒడియా వస్తే చాలనుకుంటాం. రాయగడ చుట్టూ కొండ ఊళ్లలో ముసలివాళ్లు మాట్లాడేది కువి. గుణుపురం, గజపతి వైపు సవర. కోరాపుట్ జిల్లాలో దేశియా (అక్కడి ఒడియా యాస) వస్తే పని నడుస్తుంది. “ఆఁ ఆఁ” అని తల ఊపడాన్ని అర్థమైనట్టు లెక్క వేసుకోవద్దు. ఆ ఊరి అంగన్‌వాడీ దీదీనో, ఆశా దీదీనో, చదువుకున్న కుర్రాణ్ణో వెంట ఉంచుకోండి.

మూడు రాకపోకల్లో కనుక్కోవాల్సినవి:

- రేషన్ బియ్యం అందుతున్నాయా? మనిషికి నెలకు 5 కిలోలు ఉచితంగా రావాలి. వేలిముద్ర పడక ఆగిపోయినవాళ్లు ఎవరు?
- ఒడిశా ప్రభుత్వం వృద్ధులకు ఇచ్చే మధుబాబు పింఛను వస్తోందా? దరఖాస్తే పెట్టనివాళ్లు ఎంతమంది?
- ఉచిత వైద్యం కార్డు ఉందా? ఉంటే, ఆసుపత్రిదాకా వెళ్లేందుకు ఎవరున్నారు?
- నీళ్లు, కట్టెలు ఎవరు తెచ్చిపెడతారు? వంట ఎవరు చేస్తారు?
- ఇంతకు ముందు ఎవరైనా వచ్చి పంచారా? ఏం ఇచ్చారు? మళ్లీ వచ్చారా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబు వినసొంపుగా ఉండదు. అయినా వినండి.

ఈ జవాబులతో సంచి రూపం మారిపోతుంది. బియ్యం ఎలాగూ వస్తున్న ఇంట్లో మరో 5 కిలోల బియ్యం దండగ. లేనివి పప్పు, నూనె, ఉప్పు, సబ్బు. మేం మొదట్లో బియ్యం మోసుకెళ్లాం. రెండో నెలకే అవి సంతలో అమ్ముడుపోవడం మా కళ్లతోనే చూశాం. వాళ్ల తప్పేం లేదు, వాళ్లకు నూనె కావాలి.

ఇంకో లాభం కూడా ఉంది. పింఛను దరఖాస్తు పెట్టించి, తిరిగి, మంజూరు చేయించారనుకోండి, ఆ మనిషికి మీరు లేకపోయినా నెలనెలా డబ్బు వస్తుంది. అయ్యే ఖర్చు బ్లాకు ఆఫీసుకు నాలుగుసార్లు తిరిగే పెట్రోలు. నన్నడిగితే సంచి కంటే ముందు ఇది చేయాలి. కానీ ఫొటోలో పడదు కదా, అందుకే ఎవరికీ దీనిమీద మోజు ఉండదు.

## 3. జాబితా

గొడవలన్నీ ఇక్కడే పుడతాయి.

ఊళ్లో సగం మందికి ఇవ్వకండి. 42 గడపలున్న సాహిలో (పేటలో) 16 సంచులు దింపితే, మిగతా 26 గడపలతో మీరు తగువు పెట్టుకున్నట్టే. మీరు బండెక్కి వచ్చేస్తారు, ఆ తగువు వాళ్లు పడతారు. బదులుగా ఒక వర్గాన్ని పూర్తిగా తీసుకోండి. “ఈ రెండు సాహీల్లో, 65 ఏళ్లు దాటి, ఒంటరిగా ఉంటూ, నెలనెలా సంపాదన తెచ్చే మనిషి ఇంట్లో లేనివాళ్లు అందరూ.” ఇలా ఒక్క వాక్యంలో చెప్పగలిగే నియమం కావాలి. ఆ వాక్యం విని ఊళ్లో ఎవరైనా తమ పేరు ఉందో లేదో తామే చెప్పుకోగలగాలి.

ఒక్కరు ఇచ్చిన జాబితాను నమ్మకండి. సర్పంచ్ ఇచ్చినా, ఊరి పెద్ద ఇచ్చినా, మీ కొట్టుకు వచ్చే మేస్త్రీ ఇచ్చినా సరే. ముగ్గురి దగ్గర విడివిడిగా తీసుకుని పక్కపక్కన పెట్టండి. మూడింటిలోనూ ఉన్న పేర్లు ఖాయం. ఒక్కదాంట్లోనే ఉన్న పేరు దగ్గరికి మీరే నడిచి వెళ్లాలి. మూడింటిలోనూ లేని మనిషి ఊరి చివర గుడిసెలో ఉంటుంది, ఆవిడ కోసమే మీరు ఇంత దూరం వచ్చింది.

పేర్లు ఒడియా లిపిలో, రేషన్ కార్డులో ఉన్నట్టే రాయండి. తెలుగులో మనం రాసుకున్నది, ఒడియాలో కార్డు మీదున్నది కలవవు. ఒకే పేరున్నవాళ్లు ఊరికి నలుగురుంటారు. తండ్రి లేదా భర్త పేరు, సాహి పేరు, ఇంటికి ఒక గుర్తు (బోరింగు పక్కన, చింతచెట్టు ఎదురుగా) రాయండి. మనకోసం పక్కన తెలుగులో ఇంకో కాలమ్ ఉంటే సరి.

ఆధార్ జిరాక్సులు పోగుచేయకండి. మీకు దాంతో పనే లేదు. ఇంట్లో బీరువా మీద వంద మంది ఆధార్ కాగితాలు పెట్టుకోవడం మీకూ మంచిది కాదు, వాళ్లకీ కాదు. కార్డు చూసి పేరు సరిచూసుకుని తిరిగి ఇచ్చేయండి.

జాబితా సిద్ధమయ్యాక ఊళ్లో నలుగురూ కూడిన చోట గట్టిగా చదివించండి. పల్లిసభ (ఊరివాళ్లంతా కూడే సభ) దగ్గరపడితే అక్కడే. “ఈ పేరెందుకు, ఆవిడ కొడుకు బెంగళూరు నుంచి డబ్బు పంపిస్తాడు” అని ఎవరో అంటారు. అనాలి. మీరు వెళ్లిపోయాక అనుకునే బదులు అప్పుడే అనడం మేలు.

జాబితా పక్కనే ఉండాల్సినవి:

- ఎదురుచూసే పేర్లు, వరుస నంబర్లతో
- పేరు తీసేసే కారణాలు: చనిపోవడం, ఊరు వదలడం, తోడు రావడం
- మనిషి లేనప్పుడు సంచి ఎవరి చేతికి ఇవ్వాలో, ఆ పేరు
- జాబితా మార్చే అధికారం ఎవరిది: కనీసం ఇద్దరు, ఇద్దరూ ఊరు వెళ్లి చూసినవాళ్లు

## 4. ఇప్పుడు రిజిస్ట్రేషన్

మూడు నాలుగు నెలలు మీ డబ్బుతోనే, మీలో మీరే నడపండి. దానికి ఏ అనుమతీ అక్కర్లేదు. బయటివాళ్ల దగ్గర డబ్బు తీసుకోవాలనుకున్న రోజున రిజిస్ట్రేషన్ కావాలి. ఈలోపు పన్నెండు మందిలో ఎవరు మాటల మనుషులో, ఎవరు మూట మోసే మనుషులో తెలిసిపోతుంది. కార్యవర్గంలో ఎవరుండాలో అప్పుడు రాసుకోవచ్చు.

సొసైటీనా, ట్రస్టా? 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీకి కనీసం ఏడుగురు కావాలి. జిల్లా స్థాయి సంఘమైతే కలెక్టరేట్‌లో ఏడీఎం (అదనపు జిల్లా మేజిస్ట్రేట్) కార్యాలయంలో అడగండి. ట్రస్టయితే ఇద్దరు ముగ్గురితోనే డీడ్ రాయించి సబ్ రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించవచ్చు. సొసైటీలో ఎన్నికలుంటాయి, మనుషులు మారతారు, తగాదాలూ ఉంటాయి. ట్రస్టు తేలిగ్గా నడుస్తుంది, కానీ ట్రస్టీలకు మనస్పర్థలొస్తే ముడి విప్పడం కష్టం. పన్నెండు మంది సమానంగా డబ్బు వేస్తున్నచోట సొసైటీయే మేలని నా అభిప్రాయం.

సొసైటీ పెట్టాక ఏటా సర్వసభ్య సమావేశం జరిగిన 14 రోజుల్లోగా కార్యవర్గ సభ్యుల జాబితాను రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. చిన్న పనే. చాలా సంఘాలు రెండో ఏడాదే మరిచిపోతాయి, అయిదో ఏడాది బ్యాంకువాళ్లు కాపీ అడిగినప్పుడు గుర్తొస్తుంది.

మహారాష్ట్ర వైపు ఉన్నవాళ్లకు. సిరోంచ, బల్లార్‌పూర్, ధర్మాబాద్, దెగ్లూర్ తెలుగువాళ్లకు పద్ధతి వేరు. అక్కడ 1950 నాటి పబ్లిక్ ట్రస్టుల చట్టం, దానికి ఛారిటీ కమిషనర్ కార్యాలయం ఉన్నాయి. సొసైటీ పెట్టినా పబ్లిక్ ట్రస్టుగానూ నమోదు కావాలి. ట్రస్టీ మారినా, చిరునామా మారినా 90 రోజుల్లోగా మార్పు నివేదిక ఇవ్వాలి. ఒడిశాలో చుట్టాలు చెప్పింది విని అక్కడ, అక్కడివాళ్లు చెప్పింది విని ఇక్కడ చేయకండి.

పన్ను మినహాయింపులు. 12ఏ అంటే సంఘం ఆదాయం మీద పన్ను లేకుండా చేసుకునే నమోదు. 80జీ అంటే మీకిచ్చే దాతకు పన్నులో తగ్గింపు దొరికే నమోదు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట మాత్రం ఇంకా పాత నంబర్లే నడుస్తున్నాయి, కాబట్టి ఆడిటర్ దగ్గర ఈ పాత పేర్లు చెప్పి కొత్త నంబర్లు అడగండి. మొదట తాత్కాలికంగా ఇస్తారు. తర్వాత పక్కా నమోదుకు మళ్లీ దరఖాస్తు పెట్టాలి, ఆ గడువు దాటితే మొదటికొస్తుంది. తేదీని లెక్కల పుస్తకం అట్ట మీదే రాసుకోండి.

80జీ కోసం తొందరపడి ఆడిటర్‌కు ఫీజు పోయకండి. మీ దాతలంతా కొత్త పన్ను విధానంలో ఉంటే వాళ్లకు ఆ తగ్గింపు దొరకదు. దొరికేవాళ్లయినా 2,000 దాటి నగదుగా ఇస్తే దానికి వర్తించదు. నమోదు చేతికి రాకుండానే రసీదు మీద “80జీ వర్తిస్తుంది” అని అచ్చేయించిన సంఘాన్ని చూశాను. ఆ రసీదు పుస్తకాలన్నీ చింపేయాల్సొచ్చింది.

విదేశీ డబ్బు. “మా బావమరిది అమెరికాలో ఉన్నాడు, పంపిస్తానంటున్నాడు.” ముందు ఆయన పాస్‌పోర్టు ఏ దేశానిదో అడగండి. భారతీయ పాస్‌పోర్టు ఉండి, తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపిస్తే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి లేకుండా అందులో ఒక్క రూపాయి తీసుకోకూడదు. ఆ నమోదుకు మామూలుగా మూడేళ్ల పని, దానిమీద 15 లక్షల ఖర్చు చూపించాలి, ఢిల్లీలో స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా తెరవాలి. మన పన్నెండు మంది సంఘానికి ఇది అనవసరపు తలనొప్పి. బావమరిదికి నమస్కారం చెప్పేయండి.

మూడు పనులు మొదలుపెట్టకండి, గట్టి సలహా లేకుండా.

- పిల్లల వసతి గృహం. 2015 బాలల న్యాయ చట్టం కింద నమోదు లేకుండా నడపడం నేరం, జైలుశిక్ష దాకా వెళ్తుంది. “నలుగురు పిల్లల్ని మా మేడ మీద ఉంచుకుని చదివిస్తాం” అన్న మంచి మనసు కూడా ఇందులో పడుతుంది.
- భూమి కొనడం. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డ్ ప్రాంతం, గజపతిలో కొంత భాగం. 1956 నాటి నియమావళి ప్రకారం ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. “దానంగా ఇస్తానంటున్నాడు” అన్నా సంతకం పెట్టించుకోకండి. గది కావాలంటే పంచాయతీ భవనం అడగండి.
- మందులు పంచడం. డాక్టరు లేకుండా మాత్రలు చేతిలో పెట్టకండి, జ్వరం మాత్ర అయినా సరే.

## 5. డబ్బు

సంఘం పేరున పాన్, ఆ పేరునే బ్యాంకు ఖాతా, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు బయటికి. అది లేనంతవరకు బయటివాళ్ల విరాళం తీసుకోకండి.

కోశాధికారి సొంత ఫోన్ నంబర్‌కు డబ్బు వేయించుకోవడం మామూలుగా చేసే తప్పు. మనిషి ఎంత నిజాయితీపరుడైనా, జీతమూ విరాళమూ కలిసిపోయిన ఖాతాలో ఏది ఎవరిదో ఏడాది తర్వాత ఆయనే చెప్పలేడు. ఇప్పటికే అలా జరుగుతుంటే ఇలా సరిదిద్దండి:

1. ఒక తేదీ పెట్టుకోండి. ఆ రోజు నుంచి పాత నంబర్‌కు వేయొద్దని అందరికీ రాతపూర్వకంగా చెప్పండి.
2. ఆ ఖాతా స్టేట్‌మెంట్ తీసి, విరాళాల వరుసలకు మాత్రం గుర్తు పెట్టి, ఇద్దరు కలిసి కూడండి.
3. అందులో ఖర్చయినదానికి బిల్లులు పక్కన పెట్టండి. బిల్లు లేనిదాన్ని “బిల్లు లేదు” అనే రాయండి. దొంగ బిల్లు పుట్టించకండి.
4. మిగిలిన సొమ్మును ఒకే చెక్కుతో సంఘం ఖాతాకు మార్చి, ఆ కాగితాల మీద అందరూ సంతకం చేయండి.

కోశాధికారి మీద అనుమానం కొద్దీ కాదు, ఆయన్ను కాపాడ్డానికే ఇదంతా. ఈ మాట ముందే ఆయనకు చెప్పండి, లేకపోతే మనసు కష్టపెట్టుకుంటాడు.

ఇద్దరి సంతకాల ఖాతా నుంచి ఫోన్‌తో చెల్లింపులు మామూలుగా కుదరవు. వసూలుకు క్యూఆర్, చెల్లింపుకు చెక్కు. కొట్టువాడికి చెక్కు ఇష్టం ఉండదు, మొదటి నెల గునుస్తాడు, తర్వాత అలవాటు పడతాడు. ఒకే మనిషికి ఒక రోజులో 10,000 దాటి నగదు ఇస్తే పన్ను లెక్కలో అది సేవా ఖర్చుగా చెల్లదు.

రసీదు పుస్తకానికి వరుస నంబర్లుండాలి, కార్బన్ కాపీ ఉండాలి. చెడిపోయిన రసీదును చింపకుండా అడ్డగీత కొట్టి పుస్తకంలోనే ఉంచాలి. ఇచ్చినవాళ్ల పేరు, చిరునామా తప్పనిసరి. “ఒక దాత” అని రాయకండి. పేరు లేని విరాళాలు ఒక హద్దు దాటితే వాటిమీద 30 శాతం పన్ను పడుతుంది.

వైద్యానికి డబ్బు ఇవ్వాల్సొస్తే ఆసుపత్రికే కట్టండి. అయితే కార్డుతో వైద్యం ఉచితంగా దొరికేచోట మనవాళ్లకు అసలు ఇబ్బంది వేరే ఉంటుంది. బరంపురం ఎంకేసీజీకో, కోరాపుట్ మెడికల్ కాలేజీకో, విశాఖ కేజీహెచ్‌కో వెళ్లినప్పుడు తోడెళ్లిన మనిషి తిండి, బస్సు ఛార్జీలు, పోయిన కూలి. అది చిన్న మొత్తమే, దానికి బిల్లు రాదు. అలాంటి ఖర్చుకు ఒక చీటీ తయారుచేసుకోండి: తేదీ, ఎవరు, ఎక్కడికి, ఎంత, వేలిముద్ర, మనవాళ్లలో ఒకరి సంతకం.

## 6. సరుకు

మా సంచిలో ఉండేవి: కందిపప్పు కిలో, నూనె లీటరు, చోడిపిండి (రాగిపిండి) రెండు కిలోలు, ఉప్పు కిలో, ఒంటి సబ్బు, బట్టల సబ్బు. అంబలి అలవాటున్న ఊళ్లలో గోధుమపిండి ఇస్తే ఎవరికీ పనికిరాదు.

మూడు కొట్లలో ధర అడిగి, రాసుకుని, ఒకచోట కొనండి. ఆ కొట్టు సంఘం సభ్యుడిదే అయితే ధర తక్కువైనా కొనొద్దంటాను. కొనక తప్పకపోతే మిగతా రెండు ధరల కాగితం బిల్లుకు గుచ్చి పెట్టండి.

వానాకాలంలో పిండి ముందే కొని నిల్వ చేయకండి, పురుగు పడుతుంది. సంచి కట్టే రోజు కాటా పెట్టి ప్రతి అయిదో సంచినీ తూయండి. విరిగిన సబ్బు, కారిన నూనె ప్యాకెట్ అక్కడే పక్కన పెట్టాలి, కొండమీద కాదు.

పాత బట్టల గురించి. మన ఇళ్లలో బీరువాలు ఖాళీ చేసుకోవడానికి కొండ ఊళ్లు చెత్తకుండీలు కావు. మీ ఇంటికొచ్చిన చుట్టానికి కట్టుకోమని ఇవ్వగలిగిన చీర అయితేనే తీసుకోండి. చలికాలానికి అయితే కొత్త దుప్పటి కొనండి, డిసెంబరు రాకముందే.

## 7. పంచే రోజు

ముందురోజు ఫోన్ చేసి దారి ఎలా ఉందో కనుక్కోండి. జూన్ నుంచి అక్టోబరు దాకా వాగు దాటాల్సిన ఊళ్లకు ఇది తప్పనిసరి.

వరుస ఇలా:

1. తొమ్మిదిలోపు ఊరు చేరాలి. బండి ఊరి మధ్యలో ఆపకండి, జనం గుమిగూడతారు.
2. ఒకరు జాబితా చదవాలి, ఒకరు సంచి ఇవ్వాలి, ఒకరు సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. ముగ్గురూ ముగ్గురే, ఒకరి పని ఇంకొకరు చేయకూడదు.
3. నడవలేనివాళ్ల ఇళ్లకు మొదట వెళ్లండి. ఎండలో వరుసలో నిలబెట్టడం వద్దు.
4. “మౌసీ, ఎలా ఉన్నారు” అని పలకరించి రెండు నిమిషాలు కూర్చోండి. పోయిన నెల కంటే చిక్కిపోయారా, దగ్గుతున్నారా, పొయ్యి రాజేసి ఎన్నాళ్లయింది, కళ్లతో చూడండి. జాబితాలో ఆ పేరు పక్కన ఒక్క మాట రాయండి.
5. మిగిలిన సంచి అక్కడ ఎవరికీ ఇచ్చేయకండి. వెనక్కి తీసుకొచ్చి పుస్తకంలో రాయండి.

వేదిక, బ్యానరు, నాయకుడి ప్రసంగం వద్దు. ఎమ్మెల్యేగారిని పిలిస్తే ఆయన వచ్చేది పన్నెండింటికి, ముసలివాళ్లు వచ్చి కూర్చునేది ఏడింటికి.

ఫొటో కావాలంటే సంచులు తీయండి, జాబితా ముందు కూర్చున్న మన మనుషుల్ని తీయండి. ఇచ్చే చేయి, తీసుకునే ముఖం ఉన్న ఫొటో వద్దు. పిల్లల ముఖాలు అసలే వద్దు. ఒక దాత పట్టుబడితే ఆయన్నే వెంట తీసుకెళ్లి మూట మోయించండి. మేం ఇద్దరితో ఇలా చేశాం, ఒకాయన ఇప్పటికీ వస్తున్నాడు.

సంచిలో సరుకు తప్ప ఏ కాగితమూ ఉండకూడదు. దేవుడి బొమ్మ, కరపత్రం, పార్టీ గుర్తు, ఏదీ. ప్రలోభపెట్టి మతం మార్పించడాన్ని నిషేధించే చట్టం ఒడిశాలో 1967 నుంచీ ఉంది. మీకు ఆ ఉద్దేశం లేకపోయినా అనుమానం చాలు పని ఆగిపోవడానికి. ఏ మతంవాళ్లు నడిపే సంఘానికైనా ఇదే మాట.

ఎన్నికల నియమావళి అమల్లో ఉంటే బండి ఆపి అడుగుతారు. బిల్లు, జాబితా, సంఘం ధ్రువపత్రం కాపీ బండిలో ఉండాలి. పంచాయతీ ఎన్నికల రోజుల్లో అయితే ఆ నెల సరుకు షెడ్యూలు రాకముందే ఇచ్చేయడం నయం. కిందటి పంచాయతీ ఎన్నికలు 2022 ఫిబ్రవరిలో జరిగాయి, అయిదేళ్ల లెక్క మీరే వేసుకోండి.

## 8. వారం తర్వాత

పంచిన వారానికి చెప్పకుండా ఒకరు వెళ్లాలి. నాలుగైదు ఇళ్లు చాలు. నూనె వాడుతున్నారా, కోడలొచ్చి పట్టుకుపోయిందా, సంచి మొత్తం అందిందా, ఇంకెవరైనా “నేనే ఇప్పించాను” అని డబ్బు అడిగారా? ఆ చివరి ప్రశ్న సూటిగా అడగాలి. మా అనుభవంలో ఒకసారి సంచికి 50 రూపాయలు వసూలవుతున్నట్టు బయటపడింది. నాలుగు నెలలుగా జరుగుతోంది, ఎవరూ చెప్పలేదు, చెబితే సంచి పోతుందని భయం. మేం అడగలేదు కాబట్టి తప్పు మాదే.

అలాంటిది తెలిస్తే ఊళ్లో రచ్చ చేయకండి. మధ్యమనిషిని మార్చండి, తర్వాతి నెల జాబితా చదివేటప్పుడు “దీనికి ఎవరికీ ఏమీ ఇవ్వక్కర్లేదు” అని ఆ ఊరి భాషలో మూడుసార్లు చెప్పించండి.

## 9. ఏడాదికి ఒక కాగితం

గోడకు అంటించుకోండి:

- ఏప్రిల్: పాత పుస్తకం మూసి కొత్తది తెరవడం. బిల్లులు ఆడిటర్ చేతికి.
- మే: జాబితాను ఊరెళ్లి మళ్లీ మొదటి నుంచి రాయడం. 80జీ ఉంటే దాతల వివరాల ఫారం గడువు ఆడిటర్‌ను అడగడం.
- జూన్: వాగులు పొంగే ఊళ్లకు రెండు నెలల ఉప్పు, సబ్బు, పప్పు ఒకేసారి.
- జులై–సెప్టెంబరు: పంట చేతికి రాని నెలలు, ఇళ్లలో గింజ తక్కువ. నిల్వ సొమ్ము తీయాల్సొస్తే ఇప్పుడే తీయాలి. సర్వసభ్య సమావేశం, 14 రోజుల్లో కార్యవర్గం జాబితా దాఖలు.
- అక్టోబరు: తుపానుల నెల. ఫైలిన్ 2013లోనూ, తిత్లీ 2018లోనూ ఈ నెలలోనే వచ్చాయి. టార్పాలిన్లు, కొవ్వొత్తులు, ఫోన్ నంబర్ల చీటీ ముందే సిద్ధం.
- నవంబరు: దుప్పట్లు కొనడం.
- జనవరి: పింఛను రానివాళ్ల దరఖాస్తులు ఎక్కడున్నాయో బ్లాకు ఆఫీసులో కనుక్కోవడం.
- మార్చి: వచ్చిన ఆదాయంలో 85 శాతం సేవకే ఖర్చయిందో లేదో చూసుకోవడం. తగ్గితే ఆడిటర్‌ను 31కి ముందే కలవాలి, తర్వాత కాదు.

## 10. ఆపాల్సి వస్తే

దీని గురించి ఎవరూ అడగరు. కానీ బదిలీ మీద బతికే ఊళ్లు మనవి. మిల్లులోనో రైల్వేలోనో ఉన్న నలుగురు ఒకే ఏడాది వెళ్లిపోతే సంఘం కూలిపోతుంది.

రెండు నెలల ముందు ప్రతి ఇంటికీ వెళ్లి చెప్పండి. ఫలానా నెల చివరిది అని, వాళ్ల భాషలో, ముఖాముఖి. నిల్వ సొమ్ము పెట్టింది దీనికే. పింఛను దరఖాస్తులు మధ్యలో ఉంటే వాటి నంబర్లు ఆశా దీదీకి రాసి ఇవ్వండి. సొసైటీని రద్దు చేయాలంటే సభ్యుల్లో అయిదింట మూడు వంతుల మంది ఒప్పుకోవాలి. మిగిలిన సొమ్మును పంచుకోవడానికి లేదు, అలాంటి పనే చేసే ఇంకో సొసైటీకి ఇవ్వాలి. ఆ సొసైటీవాళ్లను ఒకసారి వెంట తీసుకెళ్లి, ఆ 16 గడపలూ చూపించి, జాబితా చేతికివ్వండి. కాటా కూడా ఇచ్చేసి, దానికీ రసీదు రాయించుకోండి.